వెనక తలుపు మీద నేను అతికించిన స్పాంజి

మా పెరట్లో నిప్పంటుకున్నది ఒక ఆదివారం పొద్దున, పదకొండు గంటలప్పుడు. పక్కింటివాళ్లు ఎండిన కొబ్బరి మట్టలు పోగేసి కాల్చుకుంటున్నారు. గాలికి ఒక నిప్పురవ్వ గోడ దాటి పక్కలు మూయని మా రేకుల షెడ్డులోకి వచ్చి పడింది. అక్కడ నా పనిలో మిగిలిన స్పాంజి ముక్కలు నడుము ఎత్తు గుట్టగా పడి ఉన్నాయి. నేను మెట్టు మీద కూర్చుని కాఫీ తాగుతున్నాను. గుట్ట పైన దీపం అంత మంట కనబడింది. కంగారు కూడా పడలేదు. గ్లాసు కింద పెట్టి కొళాయి దగ్గరికి వెళ్లాను.

బకెట్టు సగం నిండేలోగా మంట షెడ్డు రేకును తాకింది. పొగ నల్లగా, తారులాగా చిక్కగా లేచింది. స్పాంజి మండడమే కాదు, కరిగి కారింది. కారిన చుక్కలు నేల మీద పడ్డాక కూడా మండుతూనే ఉన్నాయి. నీళ్లు విసిరితే ఒక చుక్క ఎగిరి నా ముంజేతికి అంటుకుంది. చర్మంతో పాటు గాని ఊడి రాలేదు. అంతకన్నా ఘోరం, ఆ పొగ ఒక్కసారి పీల్చాను. గొంతు మూసుకుపోయి, కాళ్లు వాటంతటవే మడతపడి నేల మీద కూర్చుండిపోయాను. పక్కింటాయన గోడ మీదినుంచి ట్యూబు పెట్టి నీళ్లు కొట్టకపోతే ఏమయ్యేదో తెలియదు.

మంట ఆరాక ఆయన తమిళంలో అడిగాడు, పెట్రోలు దాచిపెట్టావా అని. స్పాంజి అన్నాను. ఆయన నమ్మలేదు.

నేను చేసే పని గురించి ఇక్కడ చెప్పాలి. పాటలు పాడేచోట్ల, డ్రమ్ములు వాయించేచోట్ల శబ్దం బయటికి పోకుండా గోడలకు స్పాంజి అతికిస్తాను. కోడిగుడ్లు పెట్టే అట్టలాగా గుంటలు గుంటలుగా ఉంటుంది, బూడిద రంగులో. గమ్ము పూసి గోడలకు, పైకప్పుకు నొక్కి, అవసరమైతే మీద గుడ్డ బిగిస్తాను. అంతకు ముందు ఇరవై రెండేళ్లు కోయంబత్తూరు నూలు మిల్లులో ఫిట్టరుగా చేశాను. పత్తి బేళ్లు విప్పి దులిపే గదిలో నిప్పంటే ఎంత భయమో అక్కడ పనిచేసినవాళ్లకే తెలుసు. పత్తిలో చిన్న ఇనుప ముక్క దొర్లి యంత్రంలో తగిలినా రవ్వ లేచేది. గోడ పొడుగునా ఎర్ర బకెట్లలో ఇసుక ఉండేది. జేబులో అగ్గిపెట్టె ఉంటే గేటు దగ్గరే ఆపేవాళ్లు. పత్తిని చూసి అంత భయపడ్డవాణ్ణి, స్పాంజిని చూసి ఒక్కరోజు కూడా భయపడలేదు. మెత్తగా ఉంటుంది. సోఫాలో ఉంటుంది, బస్సు సీటులో ఉంటుంది. అమ్మినతను కూడా ఇది అంటుకోదని ముద్ర వేసిన కాగితం ఒకటి చూపించాడు. ఇంగ్లీషులో ఉంది. చదివినట్టు తల ఊపాను.

మిల్లు మూతపడ్డాక ఈ పని మొదలుపెట్టింది నేనూ నా భార్యా కలిసి. ఆమె గుడ్డలు కుట్టేది. ఆమెది బోడినాయకనూరు, పొట్టిగా బోడి. మా ఇంట్లో తరతరాలుగా తెలుగు మాటే తప్ప అక్షరం లేదు. బడి తమిళంలో, ఉద్యోగం తమిళంలో. ఆమె తాత మాత్రం పట్టుబట్టి పిల్లలందరికీ అక్షరాలు దిద్దించాడట. నలభై దాటాక నాకు ఆమె నేర్పింది, స్పాంజి చుట్టి వచ్చే ఖాకీ కాగితాల మీద పెన్సిలుతో. ఇప్పుడు ఇలా రాయగలుగుతున్నానంటే అందుకే.

ఒక గది పూర్తయితే దాన్ని పరీక్షించే పద్ధతి మాకు ఒకటి ఉండేది. ఆమె తలుపు బయట నిలబడేది. నేను లోపల తలుపు మూసుకుని గొంతు చించుకుని అరిచేవాణ్ణి. తర్వాత తలుపు తీసి ఏమైనా వినబడిందా అని అడిగేవాణ్ణి.

"మీరు అరిస్తిరా, సుమ్మా నిలబడుకోని ఉంటిరా?" అనేది నవ్వుతూ. సుమ్మా అంటే ఊరికే. ఆ మాట వింటే పని కుదిరినట్టు.

ఆమె పోయి మూడేళ్లయింది. జ్వరమని ఆసుపత్రికి తీసుకెళ్తే తొమ్మిది రోజులున్నాం అక్కడ. ఆ తర్వాత ఇంట్లో తెలుగు మాట ఆగిపోయింది. మాకు పిల్లలు లేరు. బజారులో తమిళం, పనిలో తమిళం, ఫోనులో తమిళం. కలలో మాత్రం ఏ భాషో గుర్తుండదు.

అందుకే మధురై హాలు నాకు అంత ముఖ్యమైంది. ఆమె పోయిన ఆరు నెలలకు ఆ పని వచ్చింది. బట్టల కొట్టు పై అంతస్తులో ఒకప్పుడు గోడౌనుగా ఉన్న పొడుగాటి గది. యజమాని దాన్ని పాట కచేరీల హాలుగా మార్చాడు. నూరుమందికి పైగా కూర్చోవచ్చు. శని ఆదివారాల్లో సినిమా పాటల బృందాలు, కాలేజీవాళ్ల బ్యాండ్లు వచ్చేవి. యజమాని నాకన్నా పదిహేనేళ్లు పెద్ద. వాళ్లది బోడి, ఏలకుల వ్యాపారం చేసిన కుటుంబం. మొదటిరోజు కొలతలు తీస్తూ నాలో నేను తెలుగులో లెక్కపెట్టుకుంటుంటే విన్నాడు.

"మనవాడివా తంబీ?" అన్నాడు.

ఆ యాస అచ్చం నా భార్యదే. లెక్క తప్పి, కొలత మళ్లీ మొదటినుంచి తీశాను.

ఆ పని పదిహేను రోజులది. నేను నెలకు సాగదీశాను. మధ్యాహ్నం ఆయన ఇంట్లోనే భోజనం. ఇల్లు ఆ వీధి చివరే. ఆయన భార్య వడ్డిస్తూ మా ఊరి సంగతులు అడిగేది. పని అయిపోయాక కూడా నెలకోసారి ఏదో ఒక సాకుతో బస్సెక్కేవాణ్ణి, గుడ్డ వదులైందేమో చూస్తాననో, మూలల్లో గమ్ము వదిలిందేమో చూస్తాననో. ఆయనకు తెలుసు. ఒక్కసారి కూడా ఎందుకొచ్చావని అడగలేదు. వెళ్లేటప్పుడు ఏలకుల పొట్లం ఒకటి చేతిలో పెట్టేవాడు.

ఆ హాలుకు వెనకవైపు ఒక తలుపు ఉండేది. దాన్నించి ఇనుప మెట్లు సందులోకి దిగేవి. సందుకు అటువైపు ఇంట్లో మంచం పట్టిన ముసలాయన ఉన్నాడు. డ్రమ్ముల మోతకు ఆ ఇంటివాళ్లు పోలీసులకు చెప్పారు. శబ్దం ఎక్కువగా పోయేది ఆ తలుపులోంచే. దాన్ని ఏమైనా చెయ్యమని యజమాని అడిగితే, గడియ వేసి, దాని మీద ప్లైవుడ్ కొట్టి, రెండు వరసలు స్పాంజి అతికించి, పైన నల్లగుడ్డ బిగించాను. అక్కడ తలుపుందని చెప్పినా ఎవరూ కనిపెట్టలేనంత బాగా చేశాను. ఆ సాయంత్రం ఫోనులో పాట పెద్దగా పెట్టి లోపల వదిలి, మెట్ల మీద నిలబడి విన్నాను. ఏమీ వినబడలేదు. చాలా గర్వపడ్డాను.

పెరట్లో తడిసిన బూడిద పక్కన కూర్చున్నప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది ఆ తలుపే. మా గుట్ట ఆరుబయట మండింది. పొగ ఆకాశంలోకి పోయింది. అయినా ఒక్క గుక్కకే కాళ్లు నిలవలేదు. అదే పొగ తలుపులు మూసిన గదిలో, నూరుమంది మధ్య, నేను పైకప్పుకు కూడా అంటించిన చోట. ఎంత అరిచినా వినబడకూడదనే కదా వాళ్లు నన్ను పిలిచింది.

మర్నాడు చేతికి కట్టుతోనే అమ్మినతని దగ్గరికి వెళ్లాను. కాగితం మళ్లీ తీయించి, పక్క కొట్టులో ఇంగ్లీషు వచ్చిన అమ్మాయితో చదివించాను. అది వేరే రకం సరుకుకు ఇచ్చిన కాగితం. నేను కొన్నదానికి కాదు. అతను దాచలేదు, బుకాయించనూ లేదు. మీరు అడగలేదు కదా అన్నాడు. నిజమే. నేను అడగలేదు.

అప్పటికి నేను చేసిన గదులు తొమ్మిది. అన్నిటికీ ఫోను చేశాను, లేదా వెళ్లాను. ఒకాయన, ఇంట్లో కొడుకు డ్రమ్ములకని చేయించుకున్నవాడు, విన్న వెంటనే పీకేయమన్నాడు. మిగతావాళ్లలో చాలామందికి నేను కొత్త పని కోసం వచ్చాననిపించింది. ఒకరు అలాగే అన్నారు కూడా. అవినాశిలో రికార్డింగు గది పెట్టుకున్నతను మూడుసార్లు ఫోను కట్ చేశాడు. తప్పు చేశానని చెప్పుకోవడానికి వెళ్తే తలుపు దగ్గరే ఆపేస్తారని నేను ఊహించలేదు. తిడతారనుకున్నాను. తిట్టడానికి కూడా ఎవరికీ తీరిక లేదు.

మధురైని చివరికి వదిలాను. ఎందుకో చెప్పనక్కర్లేదు.

వెళ్లేటప్పుడు ఆ హాలు పనిలో మిగిలిన ముక్క ఒకటి ఇంట్లో వెతికి సంచిలో వేసుకున్నాను. ఆరపాళయం బస్టాండులో దిగి నడిచి వెళ్లేసరికి ఆయన హాలు ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

"రా తంబీ. చేతికి ఏమాయె? తిన్నావా?"

తర్వాత తింటానని చెప్పి, మేడ మీదికి రమ్మన్నాను. ఎండగా ఉంది. ఒక పెంకు మీద ముక్క పెట్టి అగ్గిపుల్ల గీశాను. ఆయన ముందు దగ్గరగా వంగి చూశాడు. తర్వాత రెండడుగులు వెనక్కి వేశాడు. తర్వాత తువ్వాలు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు. అరచేతి అంత ముక్క అది. ఆరిపోయాక పెంకు మీద నల్లటి జిగురు మిగిలింది. ఆయన కాలితో పెంకును కదిపి చూశాడు.

"ఇది మన గోడ మీద ఉండేదేనా?"

"ఆమా అన్నా, అదే."

"దీన్ని పెట్టింది ఎవురు?"

"నేనే."

"మంచిదని చెప్పింది?"

"నేనే అన్నా."

"ఇప్పుడు వద్దని చెప్పేదీ నువ్వే."

ఆయన గొంతులో కోపం లేదు, అలసట ఉంది. చిత్తిరై నెల తిరునాళ్లు దగ్గరపడ్డాయని, నెల పొడుగునా కచేరీలు ఒప్పుకున్నానని, బయటి ఊళ్లవాళ్లకు మాట ఇచ్చానని చెప్పాడు. తిరునాళ్లు అయ్యాక అంతా పీకేద్దామన్నాడు. పోనీ వెనక తలుపు ఒక్కటైనా ఈరోజే తెరుస్తానన్నాను, కూలి వద్దన్నాను. సందు అవతలి ఇంటివాళ్లు మళ్లీ పోలీసుల దగ్గరికి పోతారని తల అడ్డంగా ఊపాడు. ఒక్క నెల, ఇన్నాళ్లు ఏమీ కాలేదు కదా అన్నాడు. కిందికి దిగి, ఆయన ఇంటికి వెళ్లి భోజనం చేశాం. ఆయన భార్య నా చేయి చూసి పసుపు పూసుకొమ్మంది. నేను మెతుకులు లెక్కపెడుతున్నట్టు తిన్నాను.

ఆ శనివారం మళ్లీ వెళ్లాను. కచేరీ సాయంత్రం ఆరింటికి. అందరిలాగే టిక్కెట్టు కొనుక్కుని, వెనక గోడ దగ్గర, నల్లగుడ్డ బిగించిన ఆ చోటును ఆనుకుని కూర్చున్నాను. నా సంచిలో మేకులు పీకే ఇనుప కడ్డీ ఉంది. ప్లైవుడ్‌కు ఎన్ని మేకులు కొట్టానో నాకు తెలుసు, పద్నాలుగు. ఎంతసేపట్లో పీకగలనో లోపల లోపల లెక్కవేసుకుంటూ ఉన్నాను. గది నిండిపోయింది. కుర్చీలు చాలక నడిచే దారిలో ప్లాస్టిక్ స్టూళ్లు వేశారు. ముందు వరసలో ఒక నిండు గర్భిణి కూర్చుంది, కాళ్లు చాపుకుని.

పాటలు మొదలుపెట్టే ముందు బృందంలో పెద్దాయన హార్మోనియం ముందు పళ్లెం పెట్టి కర్పూరం వెలిగించాడు. ఎప్పుడూ చేసేదే అనుకుంటాను. నేను ఇదివరకు చూడలేదు. పళ్లెం పట్టుకుని వాద్యాలకు ఒక్కొక్కటికీ చూపిస్తూ పక్క గోడ దాకా వెళ్లాడు. మంట నాలుక గోడకు జానెడు దూరంలో ఊగింది. నేను లేచి నిలబడ్డాను. పక్కవాళ్లు కూర్చోమన్నారు. ఆయన పళ్లెం తిప్పి, అరచేతులు మంట మీద పెట్టి కళ్లకద్దుకుని, ఆర్పేశాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

పాటలు రెండున్నర గంటలు సాగాయి. ఒక్క పాట కూడా నా చెవికి ఎక్కలేదు. పైకప్పు దగ్గర వేడెక్కే రంగుల లైట్లను చూస్తూ, ఒకే ఒక్క ముందు మెట్ల దారిని చూస్తూ, ఒళ్లో సంచి పట్టుకుని కూర్చున్నాను. అంతా అయ్యాక జనం ఆ మెట్ల మీద ఒకళ్ల వెనక ఒకళ్లు నెమ్మదిగా, నవ్వుకుంటూ దిగారు. హాలు ఖాళీ అవడానికి పట్టిన సమయం చూసుకున్నాను. మా పెరట్లో మంట రేకు దాకా లేవడానికి పట్టినదానికన్నా చాలా ఎక్కువ.

ఆయన నన్ను చూసి చెయ్యూపాడు. ఇంటికి రమ్మన్నాడు. బస్సుందని చెప్పి వచ్చేశాను.

సోమవారం పొద్దున మధురై ఫైరు స్టేషనుకు వెళ్లాను. అధికారి నాకన్నా చిన్నవాడు, ఓపిగ్గా విన్నాడు. ఇది ఎవరు అతికించారని అడిగాడు. నేనే అన్నాను. తలుపు ఎవరు మూశారని అడిగాడు. అదీ నేనే అన్నాను. పెన్ను పక్కన పెట్టాడు. పేరు లేకుండా కూడా రాసి ఇవ్వవచ్చని చెప్పాడు. ఎవరో రాశారని హాలు యజమాని నన్నే పిలిచి బాధపడతాడేమో, అప్పుడు అబద్ధం చెప్పాల్సి వస్తుంది. తమిళంలో ఒక పేజీ రాసి, కింద నా పేరు, ఊరు పెట్టాను.

రెండో రోజు వాళ్లు వెళ్లి చూశారు. నల్లగుడ్డ కోసి, ప్లైవుడ్ విప్పి, తలుపు బయటపెట్టారట. హాలుకు తాళం పడింది. తిరునాళ్ల కచేరీలన్నీ పోయాయి. ఆ మధ్యాహ్నం ఫోను మోగింది.

"నువ్వా రాసింది?"

"ఆమా అన్నా. నేనే."

అటువైపు ఎవరో గిన్నెలు కడుగుతున్న చప్పుడు వినబడింది.

"నా ఇంట్లో కూర్చోని తింటివే," అన్నాడు.

అంతే. పెట్టేశాడు. తర్వాత చాలా నెలలపాటు తెలుగులో నాతో ఎవరైనా అన్న మాట అదే.

నేను చేసింది తప్పని అప్పుడూ అనుకోలేదు, ఇప్పుడూ అనుకోను. కానీ ఒప్పు చేశానన్న నెమ్మదీ రాలేదు. ఆ నెలంతా ఆ హాలు తెరిచి ఉంటే ఏమయ్యేది? బహుశా ఏమీ అయ్యేది కాదు. పాటలు పాడుకుని అందరూ ఇళ్లకు వెళ్లేవాళ్లు. జరగనిదాన్ని ఎవరికి చూపించగలం? రాత్రి అన్నం వండుకునేటప్పుడు ఆయనకు చెప్పాల్సిన జవాబులు పైకే చెప్పుకునేవాణ్ణి. నిండు గర్భిణి ఒకామె ముందు వరసలో ఉండె అన్నా, ఆమె ఎట్ల దిగుతుంది ఆ మెట్లు, అని. గోడలు విన్నాయి. ఒకరోజు రెండుసార్లు ఫోను చేసి, మోగకముందే ఆపేశాను.

ఇప్పుడు రాతిని కరిగించి తీసే దూదితో చేసిన పలకలు వాడుతున్నాను. రాక్‌వూల్ అంటారు. చేతులు దురద పెడతాయి, బరువు, కొయ్యడం కష్టం. అగ్గిపుల్ల కాదు, గ్యాసు మంట పెట్టినా అంటుకోదు. కొనేముందు పెరట్లో నేనే పెట్టి చూశాను. దాని మీద బిగించే గుడ్డను కూడా చూశాను. ఏ తలుపూ మూయనని ముందే చెబుతాను. కొంతమంది అది విని వేరేవాళ్లను చూసుకుంటారు. పని తగ్గింది. రోజులు పొడుగయ్యాయి.

ఏడాది తిరిగాక మధురై హాలు మళ్లీ తెరిచారని విన్నాను. పని వేరే ఎవరో చేశారు. ఒక ఆదివారం బస్సెక్కాను. టిక్కెట్లు ఆయనే చించుతున్నాడు, మెట్ల పైన బల్ల వేసుకుని. మనిషి సన్నబడ్డాడు. వరసలో నాకు ముందు ఐదుగురున్నారు, తర్వాత ముగ్గురు, తర్వాత నేను. అన్నా అని పిలవాలనుకున్నాను, టిక్కెట్టు మాత్రమే చాపాను. టిక్కెట్టు తీసుకుని సగం చించి, మిగతా సగం నా చేతిలో పెట్టాడు.

"ఉళ్ళే పోంగ," అన్నాడు. లోపలికి వెళ్లండని, తమిళంలో, కొత్తవాళ్లకు చెప్పినట్టు. అప్పటికే నా వెనకవాళ్ల టిక్కెట్టుకు చెయ్యి చాపాడు.

లోపల గోడలు లేత పసుపు గుడ్డతో ఉన్నాయి. వేలితో నొక్కి చూశాను, గట్టిగా తగిలింది. వెనక తలుపు పైన పచ్చ లైటు వెలుగుతోంది. తలుపు పక్కన కుర్చీలు వేయకుండా చోటు వదిలారు. గోడలు తట్టుకుంటూ తిరుగుతుంటే ఒకమ్మాయి ఏమైనా పోగొట్టుకున్నారా అని అడిగింది. లేదన్నాను. మూడు పాటలు విన్నాను. చాలా రోజుల తర్వాత పాట పాటలాగా వినబడింది. నాలుగో పాట మొదలయ్యేటప్పుడు లేచి, ఎవరికీ అడ్డు రాకుండా మెట్లు దిగాను. బల్ల దగ్గర ఆయన లేడు.

వాడిపట్టి దాటాక బస్సులో ఫోను మోగింది. అవినాశి నుంచి, అప్పుడు మూడుసార్లు కట్ చేసినతను. వాళ్లావిడ పట్టుబడుతోందట, ఆ స్పాంజి పీకి పొమ్మన్నాడు. ఎందుకని నేను అడగలేదు, అతను చెప్పలేదు.

మంగళవారం వెళ్లాను. స్పాంజి ఊరికే ఊడి రాదు. పైపొర చేతిలోకి వస్తుంది, గమ్ము పట్టిన అడుగుపొర గోడకే ఉండిపోతుంది. ముక్కుకు గుడ్డ కట్టుకుని, వెడల్పు బ్లేడుతో అడుగు అడుగు గీకాలి. అతను తాళం చెవి ఇచ్చి పనిమీద వెళ్లిపోయాడు. ఒక్కణ్ణే చేశాను. నాలుగు గోడలు అయ్యేసరికి సాయంత్రం నాలుగైంది. పైకప్పు మిగిలింది. నిచ్చెన మధ్యకు జరిపి మళ్లీ ఎక్కాను.